46 సెకన్ల పాట, ఒక్క అక్షరం గొడవ: మైనర్ థ్రెట్ అనే బ్యాండ్ కథ

ఇవాళ్టి ఎపిసోడ్‌లో ఒక బ్యాండ్ గురించి చెప్పుకుందాం. ఈ బ్యాండ్ బతికింది మూడేళ్ల లోపే. ఆ మూడేళ్లలో కూడా మధ్యలో కొన్ని నెలలు లేదు. తర్వాత వాళ్ల పాటలన్నీ కలిపి ఒకే ఒక్క సీడీలో పెట్టేశారు. 26 పాటలు, మొత్తం కలిపినా యాభై నిమిషాలు ఉండవు. అంటే మీరు బస్సెక్కి కాలేజీలో దిగేలోపు ఒక బ్యాండ్ జీవితం మొత్తం వినేయొచ్చు అన్నమాట.

బ్యాండ్ పేరు మైనర్ థ్రెట్. ఊరు అమెరికా రాజధాని వాషింగ్టన్ డీసీ. కాలం 1980 నుంచి 1983 దాకా. పేరులోనే ఒక చిలిపితనం ఉంది చూడండి. మైనర్ అంటే చిన్నది అని ఒక అర్థం, వయసు రానివాళ్లు అని ఇంకో అర్థం. అంటే 'చిన్నపాటి ప్రమాదం' అనుకోవచ్చు, 'మైనర్ పిల్లలతో ప్రమాదం' అని కూడా అనుకోవచ్చు. నిజంగానే మైనర్లు. బేస్ గిటార్ వాయించే బ్రయాన్ బేకర్‌కి బ్యాండ్ మొదలయ్యేటప్పటికి 15 ఏళ్లు!

ముందే ఒక మాట చెప్పేస్తా. ఈ సంగీతం మీకు నచ్చుతుందని నేను గ్యారంటీ ఇవ్వను. మొదటిసారి వింటే పక్కింట్లో గొడవ జరుగుతున్నట్టు ఉంటుంది. పర్లేదు. కథ వినడానికి పాట నచ్చాల్సిన పని లేదు.

సరే, ముందు హార్డ్‌కోర్ పంక్ అంటే ఏంటో రెండు ముక్కల్లో. 1970ల మధ్యలో న్యూయార్క్‌లో రమోన్స్, లండన్‌లో సెక్స్ పిస్టల్స్ లాంటి బ్యాండ్లు వచ్చాయి. మూడు కార్డులు వస్తే చాలు, స్టేజీ ఎక్కు, అరువు గొంతుతో కాదు నీ గొంతుతో పాడు అన్నాయి. అదే పంక్. నాలుగైదేళ్లు తిరిగేసరికి పెద్ద కంపెనీలు దాన్ని మెత్తగా చేసి, 'న్యూ వేవ్' అని కొత్త పేరు పెట్టి అమ్మడం మొదలుపెట్టాయి. పంక్ పని అయిపోయింది అని పత్రికలు కూడా రాసేశాయి. అప్పుడు అమెరికాలో కాలిఫోర్నియా దక్షిణం వైపు, వాషింగ్టన్‌లో, ఇంకొన్ని ఊళ్లలో టీనేజ్ పిల్లలు ఏం చేశారంటే, ఉన్న పంక్‌ని ఇంకా వేగం పెంచేశారు. పాట నిమిషం, నిమిషంన్నర. గిటార్ సోలోలు లేవు. ప్రేమ పాటలు దాదాపు లేవు. అరుపు, వేగం, అయిపోయింది. కెనడాలోని వాంకూవర్ బ్యాండ్ డీవోఏ 1981లో తెచ్చిన ఆల్బమ్‌ పేరులో 'హార్డ్‌కోర్' అనే మాట ఉంది, ఆ మాట అక్కణ్నుంచి బాగా నాటుకుంది.

ఇప్పుడు వాషింగ్టన్‌కి వద్దాం.

రాజధాని ఊరు కదా, ఈ పిల్లల ఇళ్లు కూడా అలాంటివే. పాటలు పాడే ఇయాన్ మెకాయ్ వాళ్ల నాన్న వాషింగ్టన్ పోస్ట్ పత్రికలో జర్నలిస్టు. ఆకలితో మాడి తిరగబడ్డ పిల్లలు కాదు వీళ్లు, ఆ అబద్ధం మనం చెప్పుకోవద్దు. మధ్యతరగతి పిల్లలే. కానీ ఆ ఊళ్లో వాళ్లకి చోటు లేదు. సంగీతం అంటే న్యూయార్క్, లాస్ ఏంజిలస్. వాషింగ్టన్‌లో ఏముంది, గవర్నమెంట్ ఆఫీసులు. పైగా సంగీతం జరిగే చోట్లన్నీ మందు అమ్మే క్లబ్బులు. వయసు రాలేదా, గేటు బయటే.

1979 ఫిబ్రవరిలో జార్జ్‌టౌన్ యూనివర్సిటీలో క్రాంప్స్ అనే బ్యాండ్ ప్రోగ్రామ్ జరిగింది. ఆ యూనివర్సిటీ రేడియో స్టేషన్ ఒకటి మూతపడింది, దాని కోసం పెట్టిన ప్రోగ్రామ్. హైస్కూల్లో ఉన్న ఇయాన్ వెళ్లి చూశాడు. ఆ రాత్రితో అతని దారి మారిపోయిందని అతనే చాలా ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాడు.

కానీ నా లెక్కలో ఈ పిల్లల మీద అన్నిటికంటే ఎక్కువ ప్రభావం ఆ ఊరి బ్యాండ్‌దే, పేరు బ్యాడ్ బ్రెయిన్స్. నలుగురూ నల్లజాతి యువకులు. ముందు జాజ్ ఫ్యూజన్ వాయించేవాళ్లు, అంటే చెయ్యి బాగా తిరిగినవాళ్లు. వాళ్లు పంక్ విని, దాన్ని పట్టుకుని, ఎవ్వరూ అందుకోలేనంత వేగానికి తీసుకెళ్లారు. అమెరికాలో హార్డ్‌కోర్ అంటే తెల్ల కుర్రాళ్ల వ్యవహారం అని ఇవాళ చాలామంది అనుకుంటారు. వాషింగ్టన్ పిల్లలకి మాత్రం అసలు గురువులు వీళ్లే. స్టేజీ మీద వాళ్ల శక్తి చూసి, మనం చేస్తున్నది ఏ మూలకీ చాలదు అని ఇంటికెళ్లి ప్రాక్టీసు చేసిన పిల్లలు ఉన్నారు. 1981లో బ్యాడ్ బ్రెయిన్స్ న్యూయార్క్ వెళ్లిపోయారు. వాళ్ల కథ ఒక పూర్తి ఎపిసోడ్ అంత ఉంది, తర్వాత ఎప్పుడైనా చేద్దాం.

మైనర్ థ్రెట్ కంటే ముందు ఇయాన్, అతని స్కూలు ఫ్రెండ్ జెఫ్ నెల్సన్ కలిసి ఇంకో బ్యాండ్‌లో ఉండేవాళ్లు, పేరు టీన్ ఐడిల్స్. ఇయాన్ బేస్, జెఫ్ డ్రమ్స్. 1980 ఆగస్టులో ఈ పిల్లలు బస్సెక్కి దేశం ఇటు చివర నుంచి అటు చివరకి, కాలిఫోర్నియా వెళ్లారు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. కానీ శాన్‌ఫ్రాన్సిస్కోలో మబుహే గార్డెన్స్ అనే క్లబ్బు వాళ్లు ఒక పని చేశారు. మీకు వయసు రాలేదు కాబట్టి మందు పొయ్యం, లోపలికి మాత్రం రండి అని చేతుల మీద మార్కర్‌తో పెద్ద ఇంటూ మార్కు గీశారు. అంటే బార్‌లో ఉన్నవాడికి దూరం నుంచే తెలియాలి, వీడికి అమ్మకూడదు అని.

వీళ్లు ఆ ఐడియాని పట్టుకుని ఊరికి తిరిగొచ్చారు. వాషింగ్టన్‌లో నైన్ థర్టీ క్లబ్ అని ఉంది. వాళ్ల దగ్గరికెళ్లి, మా చేతుల మీద కూడా అలాగే గీయండి, గుర్తు ఉన్నవాడు ఒక్కడు తాగినా మమ్మల్నందర్నీ బయటికి పంపేయండి, పాట మాత్రం విననివ్వండి అని బేరం పెట్టారు. క్లబ్బు ఒప్పుకుంది. ఆలోచించండి, ఈ ఇంటూ మార్కు అసలు ఏంటి? నీకు అర్హత లేదు అని చెప్పే గుర్తు, ఒక రకంగా అవమానం. దాన్ని వీళ్లు టికెట్‌గా మార్చుకున్నారు. తర్వాత తర్వాత ప్రపంచం అంతా పిల్లలు ఎవరూ గీయకపోయినా తమంతట తామే ఆ మార్కు వేసుకుని తిరిగారు. దాని గొడవ ముందుంది.

టీన్ ఐడిల్స్ కూడా ఎక్కువ రోజులు ఉండలేదు. 1980 నవంబరులో విడిపోయారు. విడిపోయేటప్పుడు ఒక డబ్బా ఉంది. ప్రోగ్రాముల్లో వచ్చిన డబ్బులు ఎవరూ పంచుకోకుండా అందులో వేస్తూ వచ్చారు. తీసి చూస్తే 600 డాలర్ల పైచిలుకు. నలుగురు. తలా 150 తీసుకుంటే ఎవరి దారి వాళ్లది. లేదా ఆ డబ్బుతో ఒక రికార్డు వెయ్యొచ్చు.

రికార్డు వేద్దాం అన్నారు. లేని బ్యాండ్‌కి రికార్డు! ఎవరు కొంటారు, ఎలా అమ్ముతారు, ఏమీ తెలీదు. ఊరి బయట మేరీల్యాండ్‌లో ఎస్టర్‌డే అండ్ టుడే అని ఒక రికార్డుల షాపు ఉండేది. దాని ఓనర్ స్కిప్ గ్రాఫ్ వీళ్లకి దారి చూపించాడు. స్టూడియో ఎక్కడ, డిస్కులు ఎవరు అచ్చేస్తారు, కవరు ఎలా, అన్నీ. స్టూడియో అంటే పెద్దగా ఊహించుకోవద్దు. డాన్ జియెంటారా అనే ఆయన ఆర్లింగ్టన్‌లో తన ఇంట్లోనే నడిపే స్టూడియో, పేరు ఇన్నర్ ఇయర్. అక్కడ రికార్డింగ్ అయింది.

ఇంక కవరు. నాకు ఈ భాగం చాలా ఇష్టం. ఏడంగుళాల రికార్డుకి అట్ట కవరు చేయించాలంటే ఖర్చు. వీళ్లు ఏం చేశారంటే, ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఒక రికార్డు కవరుని తీసుకుని అంటించిన చోట జాగ్రత్తగా విప్పేశారు. విప్పితే అది ఒక చదును కాగితం. ఓహో, ఇంతేనా అని ఆ ఆకారం గీసుకుని, అలాగే ప్రింటు వేయించి, ఫ్రెండ్స్ అందరూ ఇంట్లో కూర్చుని కత్తెర్లతో కత్తిరించి, మడిచి, గమ్ పెట్టి అంటించారు. మొదటి విడత వెయ్యి. వెయ్యి కవర్లు చేత్తో! కవరు మీద ఫొటో ఏంటంటే, అడ్డంగా పెట్టుకున్న రెండు చేతులు, వాటి మీద ఇంటూ మార్కులు. కంపెనీ పేరు కావాలి కదా, డిస్కార్డ్ రికార్డ్స్ అని పెట్టుకున్నారు. 1980 చివర్లో కంపెనీ నంబర్ వన్ రికార్డు బయటికొచ్చింది. పద్దెనిమిదేళ్ల పిల్లలు కంపెనీ పెట్టారు అంటే ఇవాళ మనకి స్టార్టప్ అనిపిస్తుంది. వీళ్లకి ఇన్వెస్టర్ లేడు, ప్లాన్ లేదు. రికార్డు మీద వచ్చిన డబ్బుతో ఇంకో ఫ్రెండు బ్యాండ్ రికార్డు వెయ్యాలి, అంతే రూలు. రెండో రికార్డు ఇయాన్ చిన్నప్పటి ఫ్రెండ్ హెన్రీ గార్‌ఫీల్డ్ పాడే బ్యాండ్‌ది. ఆ హెన్రీ అప్పుడు ఐస్‌క్రీమ్ షాపులో పనిచేసేవాడు. తర్వాత బ్లాక్ ఫ్లాగ్ అనే పెద్ద హార్డ్‌కోర్ బ్యాండ్‌కి సింగర్ అయ్యాడు, హెన్రీ రాలిన్స్ పేరుతో లోకానికి తెలిశాడు.

ఈ హడావిడి మధ్యలోనే మైనర్ థ్రెట్ పుట్టింది. ఇయాన్ ఈసారి బేస్ వదిలేసి పాటకి వచ్చాడు. జెఫ్ డ్రమ్స్. గిటార్ లైల్ ప్రెస్లర్. బేస్ మన పదిహేనేళ్ల బ్రయాన్. 1980 డిసెంబరులో మొదటి ప్రోగ్రామ్. 1981లో రెండు చిన్న రికార్డులు, ఈపీలు అంటారు. మొదటి దాంట్లో ఎనిమిది పాటలు, అన్నీ కలిపి పది నిమిషాల లోపు.

అందులో ఒక పాట 46 సెకన్లు. పేరు స్ట్రెయిట్ ఎడ్జ్. మనం స్కూల్లో స్కేలు అంటాం చూడండి, గీత కొట్టే తిన్నటి అంచు, ఆ అర్థం. పాటలో చెప్పింది ఏంటంటే, నేనూ మీలాంటి మనిషినే, కానీ మత్తు పదార్థాలతో కూర్చుని టైమ్ పాడు చేసుకోవడం కంటే నాకు వేరే పనులున్నాయి అని. అంతే. ఇందులో ఏముంది అంటారా? అప్పటి రాక్ సంగీతంలో ఇది తలకిందులు మాట. రాక్ స్టార్ అంటేనే మందు, డ్రగ్స్, ఇరవై ఏడేళ్లకి చావు. తిరుగుబాటు అంటే తాగడమే అన్నట్టు ఉండేది. ఇయాన్ చుట్టూ స్కూల్లో ఫ్రెండ్స్ కూడా ఒక్కొక్కరే అందులోకి వెళ్తుంటే, నువ్వెందుకు తాగట్లేదు, నీకేమైంది అని అడిగేవాళ్లు. ఆ ప్రశ్నకి జవాబు ఈ పాట. అంటే, తాగనివాడు తన పక్షాన తాను చెప్పుకున్న మాట.

ఇక్కడి నుంచే అసలు కథ.

రెండో ఈపీలో నాలుగు పాటలు. వాటిలో రెండు పాటలు ఇయాన్‌ని జీవితాంతం వెంటాడాయి. ఒకటి అవుట్ ఆఫ్ స్టెప్. సిగరెట్టు, మందు, ప్రేమ లేకుండా వేటలా సాగే సెక్స్, ఈ మూడూ నేను చేయను అని చెప్పే పాట. కానీ రాసేటప్పుడు ఇంగ్లీషులో 'నేను' అనే 'ఐ' అక్షరాన్ని వదిలేశాడు. ఆ వేగంలో పాడటానికి కుదరాలి కదా.

ఇప్పుడు ఒక చిన్న గ్రామర్ క్లాసు, భయపడకండి. తెలుగులో 'తాగను' అంటే నేను తాగను అని. 'తాగకు' అంటే నువ్వు తాగొద్దు అని. మనకీ ఒక్క అక్షరమే తేడా, 'ను'కి బదులు 'కు'. కానీ ఏదో ఒకటి అనకుండా మాట పూర్తి కాదు, కాబట్టి ఎవరి గురించి చెప్తున్నామో వినగానే తెలిసిపోతుంది. ఇంగ్లీషులో అలా కాదు. ముందున్న 'ఐ' తీసేస్తే మిగిలిన మాట అచ్చం ఆర్డరులా వినిపిస్తుంది. 'తాగను' అన్నవాడు 'తాగకు' అన్నట్టు అయిపోతుంది.

ఇంట్లోనే మొదట గొడవ వచ్చింది. డ్రమ్స్ వాయించే జెఫ్‌కి ఇది నచ్చలేదు. జనం దీన్ని రూల్స్‌లా తీసుకుంటారు, ఆ 'ఐ' పెట్టి తీరాలి అన్నాడు. బ్యాండ్‌లో అందరూ ఇయాన్‌లా బతకట్లేదు కూడా, అది గుర్తుపెట్టుకోండి. 1983లో ఆల్బమ్ కోసం ఆ పాటని మళ్లీ రికార్డు చేసినప్పుడు 'ఐ' వచ్చింది, పాట మధ్యలో ఇయాన్ పాడటం ఆపి మామూలుగా మాట్లాడతాడు కూడా. ఇవి రూల్స్ కాదు, ఎవర్నీ ఇలా ఉండమని చెప్పట్లేదు, ఇది నా సంగతి అని అర్థం వచ్చేలా. పాట మధ్యలో పాటకి వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది అంటే పరిస్థితి ఎంత దూరం పోయిందో చూడండి.

అప్పటికే ఆలస్యం అయిపోయింది. బోస్టన్‌లో కుర్రాళ్లు దీన్ని పట్టుకుని ఇంకా కటువుగా చేశారు. స్ట్రెయిట్ ఎడ్జ్ అనేది పాట పేరు కాదు, ఒక గుంపు పేరు అయింది. చేతి మీద ఇంటూ మార్కు లేనివాడు తక్కువవాడు. 1990లకి వచ్చేసరికి సాల్ట్ లేక్ సిటీలో స్ట్రెయిట్ ఎడ్జ్ పేరు చెప్పుకునే కొందరు కుర్రాళ్లు తాగేవాళ్లని, సిగరెట్టు కాల్చేవాళ్లని కొట్టేదాకా వెళ్లారు. పోలీసులు వాళ్లని గ్యాంగుల లెక్కలో రాసుకున్నారు. మరోవైపు ఇది కూడా నిజం, ఈ 46 సెకన్ల పాట విని, అమ్మయ్య, నేను ఒక్కణ్నే కాదు అని ఊపిరి పీల్చుకున్న పిల్లలు వేల మంది ఉన్నారు. ఇంట్లో తాగుడు చూసి పెరిగినవాళ్లు, తాగకపోతే ఫ్రెండ్స్‌లో పరువు పోతుందని భయపడ్డవాళ్లు. రెండూ ఒకే పాట పిల్లలే. ఇయాన్ మాత్రం ఎప్పుడు అడిగినా ఒకటే చెప్తాడు, నేను ఉద్యమం మొదలుపెట్టలేదు, పాట రాశాను అని. నాకు అతని మాట నమ్మబుద్ధవుతుంది. అయితే జెఫ్ ముందే హెచ్చరించాడన్న సంగతి కూడా మర్చిపోకూడదు.

రెండో పాట ఇంకా ఇబ్బంది పెట్టేది. పేరు గిల్టీ ఆఫ్ బీయింగ్ వైట్. ఇయాన్ చదివిన పబ్లిక్ స్కూల్లో ఎక్కువమంది నల్లజాతి పిల్లలు. తను పుట్టకముందు జరిగిన వాటికి తనని నిందిస్తున్నారు, రంగు చూసి మనిషిని లెక్కగట్టడం ఎవరు చేసినా తప్పే కదా అని రాశానంటాడు. జాతి వివక్షకి వ్యతిరేకంగా రాశాననే అంటాడు. కానీ ఆ ఊరు దాటి బయటికెళ్లాక ఆ పాట విన్నవాళ్లకి ఈ స్కూలు, ఈ సందర్భం ఏం తెలుసు? జాత్యహంకారం ఉన్నవాళ్లు అది తమ పాటే అనుకున్నారు. 1996లో స్లేయర్ అనే పెద్ద మెటల్ బ్యాండ్ దీన్ని మళ్లీ పాడింది, చివర్లో ఒక్క పదం మార్చి. దాంతో అర్థం పూర్తిగా చెడిపోయింది, తనకి చాలా బాధ, కోపం వచ్చాయని ఇయాన్ చెప్పాడు. నా అభిప్రాయం అడిగితే, పాటలోనే లోపం ఉంది. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల కుర్రాడు తన స్కూలు వరండాలో తగిలిన దెబ్బని చూశాడు గానీ ఆ దెబ్బ వెనకున్న వందల ఏళ్లని నిమిషంన్నర పాటలో పట్టించుకోలేదు. గురువులు బ్యాడ్ బ్రెయిన్స్ అని చెప్పుకునే బ్యాండ్ నుంచి ఈ పాట రావడం విచిత్రంగా ఉంటుంది. కానీ ఆ వయసులో మనుషులు అలాగే ఉంటారేమో, ఒకే మనిషిలో రెండూ.

సరే, కథలోకి వద్దాం. 1981 చివర్లో గిటార్ లైల్ కాలేజీకని ఇల్లినాయ్ వెళ్లిపోయాడు. బ్యాండ్ ఆగిపోయింది. సింపుల్‌గా, కాలేజీ సీటు వచ్చింది, బ్యాండ్ పోయింది. మనకి తెలిసిన కథే కదా! (నవ్వు) కానీ లైల్ అక్కడ ఎక్కువ రోజులు నిలవలేదు, తిరిగొచ్చాడు. బ్యాడ్ బ్రెయిన్స్ సింగర్ హెచ్.ఆర్. కూడా మళ్లీ మొదలుపెట్టండి అని తోశాడు. 1982లో మళ్లీ కలిశారు. స్టీవ్ హాన్స్‌జెన్ అనే కుర్రాడు బేస్‌కి వచ్చాడు, బ్రయాన్ రెండో గిటార్ పట్టుకున్నాడు.

అప్పుడు సొంత ఊళ్లోనే జనం ఏమన్నారో తెలుసా? డబ్బు కోసం మళ్లీ కలిశారు అన్నారు. చేత్తో కవర్లు అంటించుకునే వాళ్లని! దానికి వాళ్లు కోపంగా జవాబు చెప్పకుండా, అవును, మేం డబ్బు చేసుకోవడానికే వచ్చాం అని వెక్కిరిస్తూ ఒక పాట చేశారు, పేరు క్యాషింగ్ ఇన్. ఆల్బమ్ చివర్లో, కవరు మీద పేరు కూడా వేయకుండా దాన్ని దాచిపెట్టారు. ఆ ఆల్బమ్ పేరు కూడా అవుట్ ఆఫ్ స్టెప్పే, 1983. కవరు బొమ్మ గుర్తుపెట్టుకోండి, తెల్ల గొర్రెల మందలోంచి ఒక నల్ల గొర్రె విడిపోయి పరిగెడుతూ ఉంటుంది. వాళ్ల ఫ్రెండ్ సింథియా కనోలీ వేసింది.

ఇక్కడ కంపెనీ కష్టం కూడా కొంచెం చెప్పాలి, ఎందుకంటే సొంతంగా ఏదైనా చేయాలనుకునే వాళ్లకి ఇది పనికొస్తుంది. రికార్డులు అమ్ముడుపోకపోతే కష్టం అనుకుంటాం. వీళ్లకి అమ్ముడుపోవడమే కష్టం అయింది. ఎలాగంటే, డిస్కులు అచ్చేసే ఫ్యాక్టరీకి డబ్బు ముందే కట్టాలి. షాపులకి సరుకు పంపే డిస్ట్రిబ్యూటర్లు మాత్రం డబ్బు నెలల తరబడి ఇవ్వరు. డిమాండ్ పెరిగిన కొద్దీ ముందు కట్టాల్సిన డబ్బు పెరుగుతుంది, రావాల్సిన డబ్బు ఎక్కడో ఇరుక్కుంటుంది. ఆల్బమ్ కోసం జనం అడుగుతూనే ఉన్నారు, అచ్చేయడానికి చేతిలో డబ్బు లేదు. చిన్న కంపెనీలు చాలా మూతపడేది ఇలాగే. డిస్కార్డ్‌ని ఇంగ్లండ్‌లో సదరన్ స్టూడియోస్ నడిపే జాన్ లోడర్ ఆదుకున్నాడు, అచ్చు పని వాళ్లు చూసుకునేలా ఏర్పాటు కుదిరింది. ఆ ఏర్పాటు లేకపోతే ఇవాళ మనం ఈ ఎపిసోడ్ చేసుకునేవాళ్లం కాదేమో.

మరి బ్యాండ్ ఎందుకు ఆగింది? పేరు పెరిగింది. జనం పెరిగారు. గొడవలూ పెరిగాయి. ప్రోగ్రాముల్లో ముందు వరసలో కొట్లాటలు. మొదట్లో ఇయాన్ కూడా చెయ్యి చేసుకున్నవాడే, ఆ సంగతి అతను దాచలేదు. తర్వాత అదంతా రోత పుట్టింది. ఇటు బ్యాండ్ లోపల, మిగతావాళ్లకి యూటూ లాంటి పెద్ద శబ్దం, పెద్ద స్టేజీ వైపు మనసు లాగింది. ఇయాన్‌కి అది ఇష్టం లేదు. హాన్స్‌జెన్ వెళ్లిపోయాడు, మళ్లీ నలుగురే మిగిలారు. 1983 సెప్టెంబరు 23న వాషింగ్టన్‌లో లాన్స్‌బర్గ్ అనే పాత బిల్డింగులో చివరి ప్రోగ్రామ్. అది ఒకప్పుడు పెద్ద బట్టల షాపు, తర్వాత కళల కేంద్రం చేశారు. ఆ రోజు టెక్సస్ నుంచి బిగ్ బాయ్స్, ఊరి బ్యాండ్ ట్రబుల్ ఫంక్ కూడా ఉన్నాయి. ట్రబుల్ ఫంక్ వాయించేది గోగో. అది వాషింగ్టన్ నల్లజాతి జనం సొంత డాన్స్ సంగీతం, తాళవాద్యాలతో పాట పాటకీ మధ్య గ్యాప్ లేకుండా సాగుతుంది. ఒకే ఊళ్లో ఉండి ఒకరి ముఖం ఒకరు చూడని రెండు గుంపులు ఒకే హాల్లో! తమ చివరి ప్రోగ్రామ్‌కి ఈ కలయిక పెట్టడం నాకు చాలా నచ్చుతుంది.

ఆ తర్వాత డిసెంబరులో స్టూడియోకి వెళ్లి చివరి మూడు పాటలు రికార్డు చేశారు. అవి 1985లో బయటికొచ్చాయి. సాలడ్ డేస్ అనే పాట అందులోదే. ఆ రోజులే బంగారం అని పాత రోజుల్ని తలుచుకుంటూ కూర్చునేవాళ్ల మీద చిరాకు పడే పాట అది. రాసినవాడికి ఇరవై ఒకటి (నవ్వు).

తర్వాత ఎవరి దారులు వాళ్లవి. బ్రయాన్ బేకర్ డాగ్ నాస్టీ అనే బ్యాండ్ పెట్టాడు, 1994 నుంచి బ్యాడ్ రిలిజియన్‌లో గిటార్ వాయిస్తున్నాడు. ఇయాన్ 1987లో ఫుగాజీ అనే బ్యాండ్‌తో వచ్చాడు. ఆ బ్యాండ్ టికెట్టు సాధారణంగా ఐదు డాలర్లు, అన్ని వయసులవాళ్లకీ ప్రవేశం. గేటు బయట నిలబడ్డ పిల్లాడు గేటు తన చేతికి వచ్చాక తెరిచే ఉంచాడు. డిస్కార్డ్ కంపెనీ ఇప్పటికీ ఉంది. బ్యాండ్లతో రాతపూర్వక అగ్రిమెంట్లు ఉండవు, మాట మీదే లెక్క. వాషింగ్టన్ ప్రాంతం బ్యాండ్లకే రికార్డులు వేస్తారు.

ఒక్క ముచ్చట చెప్పి ముగిస్తా. మొదటి ఈపీ కవరు మీద ఒక ఫొటో ఉంది. గుండు కుర్రాడు మెట్ల మీద కూర్చుని, మోకాళ్ల మీద చేతులు పెట్టి, అందులో తల వాల్చేసి ఉంటాడు. అతను ఇయాన్ తమ్ముడు అలెక్. 2005లో నైకీ కంపెనీ స్కేట్‌బోర్డింగ్ విభాగం ఒక టూర్‌కి పోస్టర్ వేసింది. అదే ఫొటోలా, అవే అక్షరాల్లా, అదే పద్ధతి. పక్కన నైకీ బూట్లు. పేరు మేజర్ థ్రెట్. ఎవర్నీ అడగలేదు. డిస్కార్డ్ వాళ్లు ఇది దొంగతనం అన్నారు, అభిమానులు ఈమెయిళ్లతో ముంచెత్తారు. నైకీ బహిరంగంగా సారీ చెప్పి ఆ పోస్టర్లు తీసేసింది. బూట్లు, పోస్టర్ పక్కన పెడితే, మైనర్‌ని మేజర్ చేస్తే సరిపోతుంది అనుకున్నారు చూడండి, పేరులో ఉన్న జోకు వాళ్లకి అసలు అర్థం కాలేదు.

వినాలనుకునే వాళ్లు మొదటి ఈపీతో మొదలుపెట్టండి, పది నిమిషాలే. తర్వాత అవుట్ ఆఫ్ స్టెప్ పాట 1981ది, 1983ది రెండూ పక్కపక్కన పెట్టుకుని వినండి, ఆ ఒక్క అక్షరం తేడా చెవికి తెలుస్తుంది. ఇయర్‌ఫోన్స్‌లో సౌండ్ కాస్త తగ్గించుకోండి, చెప్పలేదనుకోవద్దు. బ్యాడ్ బ్రెయిన్స్ ఎపిసోడ్ కావాలా, ఫుగాజీ కావాలా కింద చెప్పండి, ఎక్కువమంది ఏది అడిగితే అది ముందు చేస్తా. ఉంటాను ఫ్రెండ్స్.